గుట్ట కింద గోబర్ గ్యాస్

రాత్రి తొమ్మిది దాటాక అఫ్జల్‌గంజ్‌లో ఒక్కొక్క షట్టరూ దిగుతుంది. అప్పటిదాకా కనిపించని సరుకు అప్పుడు బయటపడుతుంది. ఉస్మాన్‌గంజ్ టోకు దుకాణాల ముందు గోనెసంచుల పీలికలు, వెల్లుల్లి పొట్టు, మెత్తబడి మొలకలేసిన ఉల్లిగడ్డలు. బేగంబజార్ సందుల్లో అట్టపెట్టెలు, థర్మాకోల్ ముక్కలు, పాలిథిన్ చుట్టలు. టీబండి పక్కన కాగితపు కప్పుల గుట్ట, దాని మీదే గుమ్మరించిన టీపొడి ముద్ద. ఐదో నిజాం అఫ్జలుద్దౌలా ఈ చోటును ధాన్యం వ్యాపారులకు ఇచ్చాడని, ఆయన పేరు మీదే ఇది అఫ్జల్‌గంజ్ అయిందని చెబుతారు. అప్పటి నుంచీ ఇక్కడ తిండి సరుకుల వ్యాపారమే ఎక్కువ. అమ్ముడుపోనిదీ, పాడైపోయిందీ కూడా తిండే కాబట్టి చెత్తలోనూ తడి పాలు బాగా ఉంటుంది.

తెల్లారేసరికి సఫాయి కార్మికులు ఇదంతా ఊడ్చి ఎత్తుతారు. కూతవేటు దూరంలో, మూసీ ఒడ్డున, ఇమ్లిబన్ బస్టాండు దగ్గర చెత్త బదిలీ కేంద్రం ఉంది. చిన్న ఆటోల చెత్త అక్కడ పెద్ద బండ్లలోకి మారి, ఊరు దాటి, ఈశాన్యాన జవహర్‌నగర్ చేరుతుంది. అక్కడి డంపింగ్ యార్డు దాదాపు 350 ఎకరాలు. మహానగరంలో రోజూ పోగయ్యే ఏడు వేల టన్నులకు పైగా చెత్తకు అదే చివరి మజిలీ.

చివరి మజిలీ అన్నది మనుషుల లెక్క. ఉల్లిగడ్డకు అసలు కథ అక్కడే మొదలవుతుంది.

గుట్ట మీద పడ్డ కొత్తలో ఉల్లిగడ్డ చుట్టూ గాలి ఉంటుంది. గాలి పీల్చే సూక్ష్మజీవులు దాన్ని తింటూ వేడినీ, కార్బన్ డయాక్సైడ్‌నూ వదులుతాయి. పెరట్లో ఎరువు గుంటలో జరిగేదీ ఇదే. కానీ మర్నాడు దాని మీద ఇంకో లారీ, ఆ పైన మరొకటి, వాటిని తొక్కుతూ బుల్‌డోజరు. కొద్ది రోజుల్లో లోపలి ఆక్సిజన్ అయిపోతుంది. అక్కడి నుంచి గాలి అక్కర్లేని జీవులది రాజ్యం. మొదట ఒక జట్టు పిండిపదార్థాలనూ మాంసకృత్తులనూ కొవ్వునూ నీళ్లలో కరిగే ముక్కలుగా విరగ్గొడుతుంది. రెండో జట్టు వాటిని పులియబెట్టి ఆమ్లాలు చేస్తుంది. చెత్తబండి వెళ్లిన దారిలో ముక్కులు అదిరేలా వచ్చే పుల్లటి కంపు ఈ దశదే. మూడో జట్టు ఆ ఆమ్లాలను ఎసిటిక్ ఆమ్లంగా, అంటే వెనిగర్‌లో ఉండే పుల్లటి పదార్థంగా, హైడ్రోజన్‌గా మారుస్తుంది. చివరి జట్టు అచ్చమైన బాక్టీరియా కూడా కాదు. ఆర్కియా అనే పురాతన వంశానికి చెందిన జీవులు. ఆక్సిజన్ సోకితే బతకలేవు. ఎసిటిక్ ఆమ్లాన్నీ హైడ్రోజన్‌నూ తిని అవి వదిలేదే మీథేన్.

పశువు కడుపులో, వరిమడి బురదలో, పల్లెల్లోని గోబర్ గ్యాస్ తొట్టిలో పనిచేసేదీ ఈ వంశమే. తేడా ఒక్కటే. గోబర్ గ్యాస్ తొట్టికి మూత ఉంటుంది, గ్యాస్‌ను పొయ్యి దాకా తీసుకెళ్లే గొట్టం ఉంటుంది. చెత్తగుట్టకు రెండూ ఉండవు.

గుట్టలోంచి వచ్చే గ్యాస్‌లో సుమారు సగం మీథేన్, మిగతాది చాలామటుకు కార్బన్ డయాక్సైడ్. కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ వంటివి చిటికెడే ఉంటాయి గాని, చుట్టుపక్కల జనానికి నిద్ర లేకుండా చేసేవి అవే. మీథేన్‌కు మాత్రం రంగూ లేదు, వాసనా లేదు. ఇటలీ శాస్త్రవేత్త అలెస్సాండ్రో వోల్టా 1776లో మాజియోరే సరస్సు ఒడ్డున బురదను కర్రతో కెలికి, పైకొచ్చిన బుడగలను సీసాలో పట్టి, అది అంటుకునే వాయువని తేల్చాడు. విద్యుత్ ఒత్తిడిని వోల్టుల్లో కొలుస్తున్నది ఆయన పేరుతోనే. బురద గ్యాస్‌ను వెలికితీసిన మనిషీ, బ్యాటరీని కనిపెట్టిన మనిషీ ఒకరే కావడం యాదృచ్ఛికం. చెత్త నుంచి కరెంటు తీసే ఇంజనీర్లకు మాత్రం ఆయన రెండు విధాలా పెద్దాయన.

గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. ఇది ఇంగ్లండ్‌లోని లాస్కో అనే ఊరికి 1986 మార్చి 24న తెలిసొచ్చింది. ఊరి పక్కన పూడ్చేసిన చెత్త గుంత నుంచి గ్యాస్ నేల పొరల్లో పాకి ఒక ఇంటి అడుగుకు చేరింది. ఆ రాత్రి వాతావరణ పీడనం ఉన్నట్టుండి బాగా పడిపోవడంతో నేలలోని గ్యాస్ ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది. పొద్దున బాయిలరు వెలగగానే ఇల్లు నేలమట్టమైంది. లోపలి ముగ్గురూ గాయాలతో బతికి బయటపడ్డారు. గుంతను కప్పేసి చేతులు దులుపుకుంటే సరిపోదని, లోపలి గ్యాస్‌కు దారి చూపాలని బ్రిటన్ గట్టిగా నేర్చుకున్నది ఆ తర్వాతే.

దారి చూపడం వినడానికి తేలిక. ముందు గుట్ట మీద మట్టి, దాని మీద నీరు దిగని ప్లాస్టిక్ పొర, మళ్లీ మట్టి, పైన గడ్డి పరుస్తారు. తర్వాత బోరు వేసినట్టే గుట్టలోకి రంధ్రాలు తొలిచి, చిల్లులు పెట్టిన గొట్టాలు దించి, చుట్టూ కంకర పోస్తారు. గొట్టాలన్నిటినీ ఒక పెద్ద పైపుకు కలిపి, చివర బ్లోయరు పెట్టి మెల్లగా పీలుస్తారు. మెల్లగా అన్నది ముఖ్యం. ఆశపడి గట్టిగా పీలిస్తే బయటి గాలి గుట్టలోకి చొరబడుతుంది. మీథేన్ చేసే జీవులు చస్తాయి, లోపల నిప్పు రాజుకునే ప్రమాదమూ ఉంది. అందుకే ఒక్కో బావి దగ్గర మీథేన్ ఎంత, ఆక్సిజన్ ఎంత అని కొలుస్తూ వాల్వు తిప్పే మనిషి ఉండాలి. గ్యాస్‌తో పాటు వచ్చే తేమను దారిలోనే దించేయాలి.

ఇంజన్ల వాళ్లను అన్నిటికంటే ఎక్కువ ఏడిపించేది మనం ఊహించని సరుకు: షాంపూలు, క్రీములు. వాటిలోని సిలికాన్ పదార్థాలు ఆవిరై గ్యాస్‌లో కలుస్తాయి. ఇంజన్‌లో కాలినప్పుడు అవి సన్నటి ఇసుకగా మారి, పిస్టన్ల మీద, సిలిండరు మూతల మీద తెల్లగా గట్టిపడతాయి. ఎవరో తలకు రాసుకున్నది ఎక్కడో ఇంజన్‌ను గీకి పాడుచేస్తుందన్నమాట. దాన్ని ముందే వడగట్టడానికి బొగ్గు ఫిల్టర్లు వాడతారు. వాటికయ్యే ఖర్చు మొదటి అంచనాల్లో తరచూ తక్కువగా పడుతుంది.

చెత్తగుట్ట గ్యాస్‌ను వాణిజ్య స్థాయిలో పట్టడం 1975లో కాలిఫోర్నియాలోని పాలోస్ వెర్డెస్‌లో మొదలైంది. లాస్ ఏంజెలెస్ దగ్గరి ప్యుయెంటే హిల్స్ గుట్ట మంచి రోజుల్లో 50 మెగావాట్ల దాకా ఇచ్చింది. 2013 అక్టోబర్ 31న అక్కడ చెత్త వేయడం ఆపేశారు. అయినా గ్యాస్ వస్తూనే ఉంది, ఏటేటా తగ్గుతూ. దక్షిణ కొరియాలో సియోల్ చెత్త చేరుతూ వచ్చిన ఇంచియాన్ గుట్ట మీద కూడా 50 మెగావాట్ల కేంద్రం కట్టారు. తమాషా ఏమిటంటే, తిండి వ్యర్థాలను నేరుగా పూడ్చడాన్ని ఆ దేశం 2005లోనే నిషేధించింది. అంటే ఒక చేత్తో కరెంటు కేంద్రం కడుతూ, రెండో చేత్తో దాని మేతను ఆపేసింది. ఇది తప్పుడు లెక్క అనిపిస్తుంది గాని, ఎందుకు సరైన లెక్కో ముందు ముందు తేలుతుంది.

ఇక జవహర్‌నగర్. ఇక్కడ 2000ల తొలి ఏళ్ల నుంచి చెత్తను తెచ్చి పోయడమే తప్ప అడుగున పొర లేదు, పైన కప్పు లేదు. వానాకాలంలో గుట్టలోంచి ఊరిన నల్లటి మురుగు రసం మల్కారం చెరువును పాడుచేసింది. దమ్మాయిగూడ, కాప్రా వైపు గాలి మళ్లినప్పుడల్లా తలుపులు మూసుకోవాల్సిందే. 2009లో నగరపాలక సంస్థ ఈ పనిని రాంకీ సంస్థకు దీర్ఘకాలిక ఒప్పందం మీద అప్పగించింది. కొన్నేళ్లకు పాత గుట్ట మీద మట్టి, పొరలు, గడ్డి వచ్చాయి. ఆ కప్పు కింద ఉన్నది సుమారు 1.2 కోట్ల టన్నుల చెత్త. హైదరాబాద్ కొన్నేళ్ల పాటు తిన్నదీ, తినకుండా పారేసిందీ అంతా అక్కడుంది.

ఈ గుట్ట గ్యాస్‌ను గొట్టాలతో పట్టి, శుద్ధిచేసి, సీఎన్‌జీలా బండ్లకు పనికొచ్చే ఇంధనంగా మార్చే ఏర్పాటు కూడా అక్కడే వచ్చింది. కరెంటు బదులు ఇంధనం ఎందుకంటే, ఇంజన్‌లో కాలిస్తే గ్యాస్ శక్తిలో మూడో వంతుకు కాస్త పైన మాత్రమే కరెంటవుతుంది, మిగతాది వేడిగా పోతుంది. కార్బన్ డయాక్సైడ్‌ను వేరుచేసి మీథేన్‌గానే అమ్మితే మంచి ధర పలుకుతుంది.

మరి జవహర్‌నగర్‌లో కరెంటు పుడుతోందని అందరూ అంటారే! పుడుతోంది. 2020లో 19.8 మెగావాట్లతో మొదలైన కేంద్రం 24కు పెరిగి, రెండో యూనిట్‌తో మొత్తం 48 మెగావాట్లయింది. కానీ దానికీ గుట్ట గ్యాస్‌కూ సంబంధం లేదు. అక్కడ రోజూ వచ్చే కొత్త చెత్తలోంచి కాగితం, గుడ్డ, ప్లాస్టిక్ వంటి మండే సరుకును వేరుచేసి, బాయిలరు కింద కాల్చి, ఆవిరితో టర్బైన్ తిప్పుతారు. సూత్రంలో అది బొగ్గు కేంద్రానికి తమ్ముడు. ‘చెత్త నుంచి కరెంటు’ అన్న ఒక్క మాట కింద కాల్చడాన్నీ, కుళ్లబెట్టడాన్నీ కలిపేయడంతో చర్చ తరచూ పక్కదారి పడుతుంది. కాల్చడానికి పొడి చెత్త కావాలి, గ్యాస్‌కు తడి చెత్త కావాలి. ఒకదానికి అమృతమైంది రెండోదానికి విషం.

ఈ తేడాను పట్టించుకోనందుకు తెలుగు నేల ఒకసారి మూల్యం చెల్లించింది. 2003లో షాద్‌నగర్ దగ్గర ఎలికట్టలో 6.6 మెగావాట్ల కేంద్రం, విజయవాడలో 6 మెగావాట్ల కేంద్రం ఆర్భాటంగా మొదలయ్యాయి. నగర చెత్తను ఎండబెట్టి, ముద్దలు చేసి కాల్చాలన్నది ఆలోచన. కానీ మన చెత్తలో సగం బరువు నీళ్లదే. దాన్ని ఆరబెట్టడానికే తల ప్రాణం తోకకొచ్చింది. మంట నిలబడటానికి వ్యవసాయ వ్యర్థాలు కలపక తప్పలేదు. అదే కాలంలో లక్నోలో రివర్సు కథ నడిచింది. తడి చెత్తను కుళ్లబెట్టి గ్యాస్ తీద్దామని 5 మెగావాట్ల కేంద్రం కడితే, వచ్చిన చెత్తలో రాళ్లు, మట్టి, ప్లాస్టిక్ కలిసి తొట్టెలు మొరాయించాయి. చెత్త కరెంటుకు రాయితీలివ్వడం మీద 2005లో సుప్రీంకోర్టు బ్రేకు వేసింది. మూడు చోట్లా యంత్రాలను తిట్టడం అన్యాయం. వేరుచేయని చెత్త ఏ యంత్రానికీ లొంగదు.

ఇప్పుడు కాస్త లెక్క. సగం మీథేన్ ఉన్న ఒక ఘనపు మీటరు గుట్ట గ్యాస్‌ను ఇంజన్‌లో కాలిస్తే దాదాపు 1.8 యూనిట్ల కరెంటు వస్తుంది. నెలకు 200 యూనిట్లు వాడే ఇంటికి రోజుకు నాలుగు ఘనపు మీటర్లు చాలు. ఒక మెగావాటు ఇంజన్ నిలకడగా తిరగాలంటే గంటకు 550 ఘనపు మీటర్లు కావాలి. ఏడాది పొడవునా, పగలూ రాత్రీ. గుట్ట ఇలా ఒకే తీరుగా ఇవ్వదు. చెత్త పడిన కొద్ది నెలల నుంచి ఏడాదిలోపు మీథేన్ మొదలై, కొన్నేళ్లలో శిఖరానికి చేరి, తర్వాత ఇరవై ముప్పై ఏళ్ల పాటు తగ్గుతూ పోతుంది. మన వేడికీ వానలకూ కుళ్లడం చల్లటి దేశాల్లో కంటే వేగం. అంటే శిఖరం త్వరగా వస్తుంది, త్వరగానే దిగుతుంది. పైగా మనం గుట్టకు కప్పు వేసేది నింపేసిన చాలా ఏళ్లకు. కప్పు పడేలోపే కొవ్వొత్తి సగం కరిగిపోయినట్టు, గ్యాస్‌లో మంచి వంతు ఆకాశానికి చేరిపోయి ఉంటుంది. ఎంత చక్కగా బావులు తవ్వినా, పుట్టే గ్యాస్ మొత్తం గొట్టంలోకి రాదు. పగుళ్లలోంచి, గుట్ట పక్కల నుంచి కొంత జారిపోతూనే ఉంటుంది.

జారిపోతే ఏం? నూరేళ్ల లెక్కలో టన్ను మీథేన్ భూమిని వేడెక్కించడంలో దాదాపు 28 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సాటి. ఇరవై ఏళ్ల లెక్క వేస్తే ఎనభైకి పైనే. అదే టన్నును కాల్చేస్తే మిగిలేది 2.75 టన్నుల కార్బన్ డయాక్సైడ్. కరెంటు రాకపోయినా, చిమ్నీ చివర ఊరికే మండించినా ఇంత లాభం ఉంది. 2023 మార్చిలో కొచ్చి దగ్గరి బ్రహ్మపురం యార్డు అంటుకున్నప్పుడు పొగ ఆగడానికి దాదాపు రెండు వారాలు పట్టింది. గుట్టలోని గ్యాస్‌ను మనం సవ్యంగా కాల్చకపోతే అది తనకు తోచినట్టు కాలుతుంది.

పెరుగుతున్న నగరానికి చెత్త నుంచి ఎంత కరెంటు వస్తుందన్న అసలు ప్రశ్నకు జవాబు బోయినపల్లిలో దొరుకుతుంది. అక్కడి అంబేడ్కర్ కూరగాయల మార్కెట్లో, తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ శాస్త్రవేత్తల పద్ధతితో ఒక బయోగ్యాస్ కేంద్రం నడుస్తోంది. 2021 జనవరి 31న ప్రధాని ‘మన్ కీ బాత్’లో దాని ప్రస్తావన తెచ్చాక దేశమంతా పేరు పాకింది. మార్కెట్లో పాడైన టమాటాలు, కాలీఫ్లవర్ ఆకులు, కుళ్లిన వంకాయలు కన్వేయరు పట్టా మీదుగా తురుము యంత్రంలోకి పోతాయి. చిక్కటి జావలా మారి, గాలి చొరబడని పొడవాటి తొట్టెల్లోకి చేరతాయి. తొట్టె లోపల కలియబెట్టే రెక్కలు లేవు. పుట్టిన గ్యాస్‌నే మళ్లీ అడుగు నుంచి బుడగలుగా పంపి జావను పైకి లేపుతారు. తిరిగే భాగాలు లేవు కాబట్టి మరమ్మతూ తక్కువ. గుట్టలో ఏళ్లు పట్టే పని ఇక్కడ వారాల్లో పూర్తవుతుంది. గ్యాస్ బెలూన్‌లో నిలవై, అక్కడి నుంచి జనరేటరుకు వెళుతుంది. కొంత క్యాంటీన్ పొయ్యికి. మిగిలిన జావ పొలానికి ఎరువు.

రోజుకు 10 టన్నుల చెత్త, సుమారు 500 యూనిట్ల కరెంటు. మార్కెట్లోని వీధిదీపాలకు, దుకాణాలకు, ఆఫీసుకు, నీటి పంపులకు ఆ కరెంటు ఇస్తున్నారు.

ఈ లెక్కన టన్నుకు 50 యూనిట్లు. హైదరాబాద్ చెత్తలో సగం, అంటే మూడున్నర వేల టన్నులు తడి చెత్త అనుకుని, అంతా ఇలాగే తొట్టెల్లో పోస్తే రోజుకు లక్షా డెబ్భై ఐదు వేల యూనిట్లు. ఒక పాతిక వేల ఇళ్లకు సరిపోతుంది. విద్యుత్ కేంద్రం లెక్కలో చెబితే ఏడు మెగావాట్ల చిల్లర. మండు వేసవిలో మహానగరం ఒక్కసారిగా లాగే కరెంటు నాలుగు వేల మెగావాట్లు దాటింది. కూరగాయల్లో నీళ్లెక్కువ, ఇళ్లలోని అన్నమూ నూనె వంటలూ గ్యాస్ ఎక్కువిస్తాయి కాబట్టి దాన్ని మూడింతలు చేసుకున్నా శాతంలో సగమే. జవహర్‌నగర్‌లో కాల్చి తీసే 48 మెగావాట్లు కలిపినా నూటికి రెండు వంతులు చేరవు.

చెత్త కరెంటుతో నగరం వెలిగిపోతుందన్న ప్రకటనలు వచ్చినప్పుడల్లా ఈ లెక్క గుర్తుచేయాలి. చెత్త కరెంటు కొనే డిస్కంలు యూనిట్‌కు చెల్లించేది సౌర విద్యుత్ ధర కంటే బాగా ఎక్కువ. కరెంటు కోసమే అయితే ఆ డబ్బుతో పైకప్పుల మీద సోలార్ పలకలు వేసుకోవచ్చు. కరెంటు ఇక్కడ ఉపఫలం. అసలు ఫలం ఆగిపోయిన మీథేన్, పాడవని చెరువు, నిండని గుట్ట. కొరియా వాళ్లు తమ కరెంటు కేంద్రం మేతను తామే ఆపడం అందుకే సరైన లెక్క. గుట్టలో పుట్టాక పట్టడం కంటే, తిండి వ్యర్థాన్ని గుట్టకు పోనివ్వకుండా తొట్టెలో వేస్తే పారిపోయే గ్యాస్ బాగా తక్కువ.

అందుకని జవహర్‌నగర్ బావులు అక్కర్లేదని కాదు. పోసేసిన 1.2 కోట్ల టన్నులను వెనక్కి తీసుకోలేం. అక్కడ పట్టగలిగినంత పట్టాలి. ఇకపై వచ్చే చెత్త సంగతి మాత్రం అఫ్జల్‌గంజ్‌లోనే తేలాలి. బోయినపల్లిలో ఆ పద్ధతి నిలదొక్కుకున్నది యంత్రం గొప్పతనంతో మాత్రమే కాదు. మార్కెట్ చెత్త అంటే దాదాపు పూర్తిగా కూరగాయలే, ఏరాల్సిన పని తక్కువ. ఉస్మాన్‌గంజ్ సంచిలో అలా ఉండదు. ఉల్లిగడ్డతో పాటు సుతిలి తాడు, టేపు అంటిన అట్ట, గుట్కా పాకెట్ ఉంటాయి. తాడు తురుము యంత్రం పళ్లకు చుట్టుకుంటుంది, ప్లాస్టిక్ జావ మీద తెట్టు కడుతుంది. దుకాణం దగ్గరే తడి చెత్తనూ పొడి చెత్తనూ వేర్వేరు డబ్బాల్లో వేయాలని 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలే చెప్పాయి. రెండు డబ్బాలున్న దుకాణాలూ ఉన్నాయి. ఆ రెండూ ఆటోలో ఒకే అరలోకి బోర్లించే చోట్లూ ఉన్నాయి.

స్థలం ఇంకో చిక్కు. బేగంబజార్‌లో తోపుడుబండి ఆపుకోవడానికే చోటు దొరకదు, ఇక తొట్టెలెక్కడ పెడతారు? బోయినపల్లిలో మార్కెట్ యార్డుకు సొంత జాగా ఉంది. ఇక్కడ అలాంటి ఖాళీ ఏదైనా ఉందంటే ఇప్పటికే చెత్త చేరే ఇమ్లిబన్ కేంద్రం చుట్టుపక్కలే. మూసీకి 1908లో వచ్చిన వరదను మరిచిపోకుండా, ఎత్తుగా, తక్కువ జాగాలో కట్టాల్సి ఉంటుంది. టోకు దుకాణాల చెత్త, హోటళ్ల చెత్త, చేపల మార్కెట్ చెత్త వేర్వేరు వేళల్లో వస్తాయి. తొట్టెలోని జీవులకు మేత రోజూ ఒకే తీరుగా అందాలి. ఒక రోజు చేపలన్నీ పోసి, మర్నాడు ఉల్లిపొట్టు పోస్తే అవి అజీర్తి చేసి గ్యాస్ ఆపేస్తాయి. దేన్ని ఎంత పాళ్లలో కలపాలో చూసుకునే మనిషి జీతం ప్రతి నెలా ఎవరు ఇస్తారన్నది తేలితే, మిగతాది ఐఐసీటీ వాళ్లకు తెలిసిన పనే.